ఓల్డ్‌టైమ్ జామ్‌కి వయొలిన్ తీసుకెళ్ళా, వాళ్ళతో కలవలేకపోతున్నా, మళ్ళీ వెళ్ళాలా వద్దా?

రమ్య_డర్హమ్

నార్త్ కరోలినా వచ్చి రెండేళ్ళయింది. చిన్నప్పుడు విజయవాడలో ఏడేళ్ళు కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నా. తర్వాత చదువు, పెళ్ళి, పాప, ఉద్యోగం, వీటిలో పడి తొమ్మిదేళ్ళు పెట్టె తెరవలేదు. మా ఇంటికి దగ్గర్లో ఒక హాల్లో ప్రతి బుధవారం సాయంత్రం ఓల్డ్‌టైమ్ జామ్ జరుగుతుంది, అంటే ఇక్కడి పాతకాలం పల్లె సంగీతం అందరూ కలిసి వాయించుకోవడం, ఓ పదిహేను మంది గుండ్రంగా కుర్చీలేసుకుని ఫిడేళ్ళు, బాంజోలు, గిటార్లు వాయిస్తారు, ఎవరైనా రావచ్చు అని బయట బోర్డు కూడా ఉంది. పోయిన నెల ధైర్యం చేసి వెళ్ళా.

మొదటి రెండు వారాలు పెట్టె ఒళ్ళో పెట్టుకుని విని వచ్చేశా. మూడో వారం తీశా. ఏ పాటో చెప్పరు, ఎవరి ముందూ కాగితం ఉండదు, ఒకాయన మొదలెడితే మిగతావాళ్ళు ఇట్టే అందుకుంటారు, నాకు స్వరం దొరికి కాస్త కుదురుకునే టైముకి అందరూ ఒక్కసారి ఆపేస్తారు, నేనొక్కదాన్నే ఇంకో రెండు స్వరాలు వాయించేస్తా. దానికి తోడు ఇక్కడి షాపులో తీగలు మార్పిస్తే వాడు వెస్టర్న్ పద్ధతిలో జీ-డీ-ఏ-ఈ కట్టి ఇచ్చాడు, నా వేళ్ళకేమో మన పద్ధతిలో నాలుగు తీగలూ స-ప-స-ప గా కట్టిన సపసప అలవాటు, పై తీగ మీద వేలు పెడితే ఒకటి అనుకుంటే ఇంకోటి పలుకుతోంది.

ఇదంతా సరే, పాటకీ పాటకీ మధ్య చెయ్యి సాగుతుందని మెల్లగా సరళీ వరసలు వాయించుకుంటుంటే పక్కనున్న పెద్దాయన నా వైపు తిరిగి వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి పెట్టె మళ్ళీ అలమర పైన పెట్టేశా. ఇవి బయటివాళ్ళ కోసం కాదా అసలు? ఎవరైనా వెళ్ళినవాళ్ళు ఉంటే చెప్పండి.

అనిల్_గిటార్

మూడు వారాలు వెళ్ళారు చూడండి, అదే పెద్ద విషయం. నేను పార్కింగ్‌లో కారు ఆపుకుని పాటలు విని ఇంటికొచ్చేసిన రోజులున్నాయి.

లత_సియాటిల్

ఆ చెయ్యి ఊపడం మీమీద కోపం కాదు రమ్యా. నేను ఇక్కడ ఐరిష్ సెషన్‌కి వెళ్తా, అదీ జాము లాంటిదే, అక్కడా అదే రూలు. పాటల మధ్య ఎవరికి వాళ్ళు గీకుతూ ఉంటే తర్వాత పాట ఎత్తుకునేవాడికి వరస గుర్తు రాదు, శ్రుతి చూసుకునేవాళ్ళకి వినపడదు. మొదట్లో నాకూ చెప్పారు, కాకపోతే నోటితో చెప్పారు.

బాంజో_బాబాయ్

వర్జీనియా బ్లాక్స్‌బర్గ్ వైపు ఉంటాను, పద్నాలుగేళ్ళుగా జాముల్లో కూర్చుంటున్నాను. అమ్మా రమ్యా, పెట్టె అలమర మీంచి దించు ముందు. నీకు ఎవరూ చెప్పని నాలుగు ముక్కలు చెప్తాను, ఇవి తెలీక నేను ఆరు నెలలు పోగొట్టుకున్నా.

ఓల్డ్‌టైమ్ పాట అంటే సాధారణంగా రెండు ముక్కలు. మొదటి ముక్క రెండుసార్లు, రెండో ముక్క రెండుసార్లు, అక్కడికి ఒక చుట్టు. మనవాళ్ళ పల్లవీ చరణం లాగే అనుకో, చాలా పాటల్లో రెండో ముక్క పై స్థాయిలో ఉంటుంది. ఆ చుట్టు పది పన్నెండు సార్లు తిరుగుతుంది, మధ్యలో ఎవరూ విడిగా వాయించరు, అందరూ అదే వరస. ఎందుకంటే ఇది డాన్సుల కోసం పుట్టిన సంగీతం, డాన్సు అయ్యేదాకా పాట తిరగాల్సిందే. కాబట్టి మొదటి చుట్టు ఊరికే విను. రెండో చుట్టులో సా ఎక్కడుందో పట్టుకో. మూడో చుట్టులో ముక్క చివర వచ్చే రెండు మూడు స్వరాలు మాత్రం వాయించు. ఆరో చుట్టుకి సగం వచ్చేస్తుంది. అన్ని స్వరాలూ మొదటి నుంచీ పట్టాలని చూస్తే ఒక్కటీ దొరకదు.

ఆపడం సంగతి. పాట ఎత్తుకున్నవాళ్ళ కాలు చూడు, వేళ్ళు కాదు. ఆఖరి చుట్టులో కాలు పైకెత్తుతారు, అదే సైగ. కొందరు నోటితో అంటారు. నువ్వు వేళ్ళు చూస్తూ ఉంటే ఆ కాలు కనపడదు.

మూడోది, ఒక కీలో, అంటే మన శ్రుతి అనుకో, మొదలెడితే గంట గంటన్నర అదే కీలో ఉంటారు, బాంజో, ఫిడేలు మళ్ళీ శ్రుతి చేసుకోవడం పెద్ద పని కాబట్టి. వెళ్ళగానే పక్కవాళ్ళని ఇప్పుడు ఏ కీ అని ఒక్కమాట అడుగు, దానికి ఎవరూ ఏమీ అనుకోరు. ఏ (A) అంటే మన లెక్కలో ఆరో శ్రుతి, డీ అంటే రెండు, జీ అంటే అయిదు.

ఇక సపసప గురించి. నీకు ఒక మంచి కబురుంది కానీ అది ఇంకో పోస్టులో రాస్తా, మా ఆవిడ భోజనానికి పిలుస్తోంది.

మ్యాండలిన్_మధు

బాబాయ్ మంచి కబురు అని చెప్పి భోజనానికి వెళ్ళిపోతే ఎలా 😄

నేను షార్లెట్‌లో బ్లూగ్రాస్ జాముకి వెళ్తా, అది ఓల్డ్‌టైమ్‌కి చుట్టమైన ఇంకో సంగీతం. రమ్యగారూ మీకు అదే నయం అనిపిస్తోంది. బ్లూగ్రాస్‌లో ఒక్కొక్కరికీ వంతు వస్తుంది, మీ వంతులో మీ మనోధర్మం చూపించొచ్చు, అప్పటికప్పుడు అల్లే కల్పనస్వరాలు అలవాటైన చేతికి అది హాయిగా ఉంటుంది. ఓల్డ్‌టైమ్‌లో పన్నెండు సార్లు అదే వరస, నాకైతే నిద్రొస్తుంది.

బాంజో_బాబాయ్

తిని వచ్చా. మధూ, నిద్ర రావడం కాదు అది, లోపలికి పోవడం. ఎనిమిదో చుట్టు తర్వాత చెయ్యి దానంతటది పోతుంది, అప్పుడు పక్కవాడి బాంజో వినపడుతుంది. తొమ్మిదేళ్ళ తర్వాత పెట్టె తెరిచిన మనిషిని వంతు ఇచ్చి అందరి ముందు ఒంటరిగా వాయించమనడం కంటే గుంపులో కలవమనడం తేలిక. బ్లూగ్రాస్ నాకూ ఇష్టమే, ఎర్ల్ స్క్రగ్స్ మీ నార్త్ కరోలినా వాడే, 1945 చివర్లో బ్లూగ్రాస్‌కి తండ్రి అనే బిల్ మన్రో బృందంలో చేరి ఆ మూడువేళ్ళ బాంజోతో దాని రూపమే మార్చాడు. కానీ అది వేదిక మీది సంగీతం. ఇది వాకిట్లోది.

సరే కబురు. ఏ (A) కీ వచ్చినప్పుడు చాలామంది ఓల్డ్‌టైమ్ ఫిడేలువాళ్ళు కింది రెండు తీగలూ ఒక్కో మెట్టు పైకి లాగి ఏ-ఈ-ఏ-ఈ అని కడతారు. దీన్నే క్రాస్ ట్యూనింగ్ అంటారు. ఏ ని సా అనుకుని చూడు.

రమ్య_డర్హమ్

స ప స ప!!!

నిజంగానా బాబాయ్ గారూ? నేను షాపువాడు కట్టిందే ఇక్కడి పద్ధతి అనుకుని వేళ్ళు మార్చుకోవడానికి నెలంతా కొట్టుకున్నా.

గజపతి_వయొలిన్

మాది విజయనగరం, ఇంట్లో మూడు తరాలుగా వయొలిన్ ఉంది కాబట్టి ఒక మాట. మన తాతలు దీన్ని వయొలిన్ అనలేదు, ఫిడేలు అన్నారు. ఫిడేలు నాయుడుగారు అంటే ద్వారం వెంకటస్వామినాయుడుగారు (1893–1964). 1919లో మా ఊరి సంగీత కళాశాలలో వయొలిన్ ఆచార్యులుగా చేరారు, ఆదిభట్ల నారాయణదాసుగారి తర్వాత 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. ఆ వాయిద్యం మన దగ్గరికి తెల్లవాళ్ళ నుంచే వచ్చింది, బాలుస్వామి దీక్షితులు (1786–1859) మద్రాసులో ఒక యూరోపియన్ దగ్గర నేర్చుకుని కర్ణాటకంలోకి తెచ్చారు. ఆయన అన్నగారు ముత్తుస్వామి దీక్షితులు ఇంగ్లిషు బ్యాండు వరసలకి సంస్కృత సాహిత్యం కట్టి నొట్టుస్వరాలు చేశారు. మీరు ఇన్నాళ్ళ తర్వాత ఆ ఫిడేలుని వాళ్ళ గుంపులోకి తీసుకెళ్తున్నారు, అది చిన్న పని కాదు తల్లీ. ఆగొద్దు.

ఒకటే జాగ్రత్త, తీగలు పైకి లాగేటప్పుడు మెల్లగా లాగండి, గుర్రం, అంటే తీగల కింద నిలబెట్టిన చెక్క, వంగుతుందేమో చూసుకుంటూ ఉండండి.

సీమ_చెక్కభజన

అనంతపురం జిల్లా మాది. ఈ బాబాయ్ చెప్పేదంతా వింటాంటే మా ఊరి భజన గుడి గుర్తొస్తాంది. మాకు గూడా అంతే, గురువు ఎత్తుకుంటాడు, మిగతావాళ్ళం అందుకుంటాం, ఒగే పాట వేగం పెరుగుతా పెరుగుతా పోతాది, గురువు చెక్కలు పైకెత్తినాడంటే ఆఖరు. కొత్తగా వచ్చినోడు మొదటి దినమే ముందు వరసలో నిలబడడు. ఎనక నిలబడి అడుగులు నేర్చుకుంటాడు, చెక్కలు చేతిలో ఉన్నా కొట్టడు. నేను రెండు నెలలు ఊరికే అడుగులేసినా. అప్పుడు మా మామ ఒగ దినం ముందుకు రారా అన్నాడు.

కరీంనగర్_పోరడు

అన్నీ మంచిగనే చెప్తున్రు గని నా ముచ్చట గూడ ఇనుండ్రి. నేను ఓహాయోల ఉంటప్పుడు గిట్లనే ఒక జామ్‌కు పోయిన, డప్పు తీస్కపోయిన. చిన్నప్పటి సంది కొట్టుడు వచ్చు నాకు. రెండు పాటలకు దరువేసిన, నాకైతే మస్తు కుదిరిందనిపించింది. మూడో పాటకు నడిపించే ఆమె వచ్చి ఇక్కడ డ్రమ్ములు వద్దన్నది. మర్యాదగనే చెప్పింది, కాదనను. గని ఎవరైనా రావచ్చన్నప్పుడు డప్పు ఎందుకు రావద్దు? ఆ దినం సంది పోలే.

లత_సియాటిల్

ఐరిష్ సెషన్‌లో బోధ్రాన్ అని చేతి డ్రమ్ము ఉంటుంది కానీ అక్కడ కూడా ఒకటే ఉండాలి, రెండోవాడు వస్తే ఆగి వంతు తీసుకుంటాడు. డప్పు హాల్లో కొడితే ఫిడేళ్ళు వినపడవు కదండీ, దాని గొంతు ఊరు దాటి వినపడేది.

కరీంనగర్_పోరడు

అది ఒప్పుకుంట. డప్పు చప్పుడుకు ఏదీ ఆగది 😀 గని పక్కన అదే టైముల నాలుగు గిటార్లు ఉన్నయ్, ఒక్కొక్కటి ఒక్కొక్క తీరు. వాటిని ఎవలూ వద్దనలే.

అనిల్_గిటార్

ఆ మాట నిజం, గిటార్ వాయించేవాడిగా ఒప్పుకుంటున్నా. నిజానికి మంచి జాముల్లో గిటార్లకీ లెక్క ఉంటుంది, ఒకటి రెండు చాలు, బేస్ ఒకటే. నేను వెళ్ళేచోట ముందే రెండు గిటార్లు ఉంటే నాది తీయను, కూర్చుని వింటా లేదా బయట వరండాలో ఇంకో చిన్న గుంపు కడతాం. మీకు చెప్పినట్టే ఆ నాలుగు గిటార్లకీ చెప్పి ఉండాల్సింది, చెప్పలేదు, అది వాళ్ళ తప్పు.

బాంజో_బాబాయ్

కరీంనగర్ తమ్ముడి బాధ కొట్టిపారేసేది కాదు. ఎవరైనా రావచ్చు అనే బోర్డు పెట్టి లోపల రూల్సు చెప్పకపోవడం చాలా జాముల్లో ఉన్న జబ్బు. కానీ డ్రమ్ము సంగతికి ఒక కారణం ఉంది తమ్ముడూ. ఈ సంగీతంలో తాళం వేసేది విడిగా ఎవరూ లేరు, ఫిడేలు కమానే తాళం, బాంజో మీద గోరు దెబ్బే తాళం. క్లాహ్యామర్ అనే బాంజో పద్ధతిలో గోరు కిందికి కొడుతుంది, బొటనవేలు పొట్టి అయిదో తీగని మీటుతుంది. ఆ అయిదో తీగ స్వరం మారదు, తంబురా లాగ మోగుతూనే ఉంటుంది. దాని మీద ఇంకో దరువు పడితే కమాను నడక కనపడదు.

ఇంకోటి, బాంజో మూలం చర్మం బిగించిన బుర్రే. పడమటి ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ళు సొరకాయ బుర్రకి తోలు బిగించి చేసుకున్న వాయిద్యాల నుంచి పుట్టింది. నీ డప్పుకి అది దూరపు చుట్టమే. చర్మం బాంజో కూడా చెమ్మ గాలికి వదులైపోతుంది, నేను వానాకాలం దీపం కింద పెడతా.

కరీంనగర్_పోరడు

మేము గడ్డి మంట పెట్టి కాగబెడ్తం అన్నా. గిది నాకు తెల్వది. మంచిగ చెప్పినవ్.

చదువరి_22

ఎప్పుడూ రాయను, చదివి వెళ్ళిపోతా. కానీ రమ్యగారు అడిగిన ఇవి బయటివాళ్ళ కోసం కాదా అన్న మాటకి ఎవరూ సూటిగా జవాబు చెప్పలేదు. ఆ గుంపులో చర్మం రంగు వేరే ఉన్నది తనొక్కతే అయి ఉంటుంది. చెయ్యి ఊపినప్పుడు ఆ బరువు వేరుగా ఉంటుంది, అది మర్యాద గురించేనా ఇంకేమైనానా అని మనసు పీకుతుంది. ఇది కూడా మాట్లాడుకోవాలి.

బాంజో_బాబాయ్

చదువరిగారూ, మంచి మాట రాశారు, నేను దాటేసి తప్పు చేశా.

రమ్య ఉన్న డర్హమ్ నుంచి అరగంట పడమటికి పోతే మెబేన్ అనే ఊరు. అక్కడ జో థాంప్సన్ అని నల్లజాతి ఫిడేలు వాద్యకారుడు ఉండేవాడు, 1918లో పుట్టి 2012లో పోయాడు. ఇంట్లో తరాల నుంచి వచ్చిన వాయింపు. ఒకప్పుడు ఆ ప్రాంతంలో నల్లవాళ్ళ ఇళ్ళల్లో డాన్సులన్నిటికీ ఫిడేలు, బాంజోనే. తర్వాత రికార్డు కంపెనీలు ఈ సంగీతాన్ని తెల్లవాళ్ళ పేరు మీద, బ్లూస్‌ని నల్లవాళ్ళ పేరు మీద విడదీసి అమ్మాయి, జనం కూడా అదే నమ్మారు. 2005లో రియానన్ గిడెన్స్ అనే గాయని, ఇంకా ఇద్దరు కుర్రవాళ్ళు ఆయన ఇంటికి వారం వారం వెళ్ళి పక్కన కూర్చుని నేర్చుకున్నారు. కరోలినా చాకొలెట్ డ్రాప్స్ అనే బృందం అలా పుట్టింది, తర్వాత గ్రామీ కూడా వచ్చింది.

అంటే ఈ సంగీతం ఒక రంగువాళ్ళ ఆస్తి ఎప్పుడూ కాదు. గదిలో కనపడే మొహాలు చూసి అలా అనిపిస్తుంది, అనిపించడంలో తప్పు లేదు. నాకు ఒకచోట రెండు నెలలు వెళ్ళినా ఒక్కడూ పేరు అడగలేదు. అక్కడ మానేశా. ఇంకోచోట మొదటి రోజే పక్కన కుర్చీ లాగారు. ఒక జాము కుదరకపోతే జామే మార్చు అమ్మా, ఫిడేలు మానేయకు.

మ్యాండలిన్_మధు

దీనికి నేను కూడా ఒప్పుకుంటా. ఇంకా వీలైతే మౌంట్ ఎయిరీ వెళ్ళిరండి, డర్హమ్ నుంచి రెండు గంటలు. పేరున్న ఓల్డ్‌టైమ్ ఫిడేలు వాద్యకారుడు టామీ జారెల్ (1901–1985) ఆ చుట్టుపక్కలవాడే, రోడ్డు గ్రేడర్ నడిపే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు, ఎక్కడెక్కడి నుంచో కుర్రాళ్ళు వచ్చి ఇంట్లో దిగితే అన్నం పెట్టి మరీ నేర్పాడు. శనివారం అక్కడి ఎర్ల్ థియేటర్లో స్థానిక రేడియో లైవ్ ప్రోగ్రాం ఉంటుంది. ఆగస్టులో వర్జీనియాలోని గాలాక్స్‌లో ఫిడ్లర్స్ కన్వెన్షన్ ఉంది, 1935 నుంచి. అక్కడ పోటీల కంటే పార్కింగ్‌లో టెంట్ల మధ్య కట్టే గుంపులే అసలు మజా. నేను బ్లూగ్రాస్ గుంపు వెతుక్కుంటా, మీరు ఓల్డ్‌టైమ్ గుంపులో కూర్చోండి 🙂

రమ్య_డర్హమ్

చదువరిగారూ, ఆ మాట నేను రాయాలనుకుని రాయలేకపోయా. థాంక్స్.

ఇంకో సందేహం. నా చేతికి గమకాలు ఊరికే వచ్చేస్తాయి, గాంధారం మీద ఆగితే ఊగుతుంది. తీసేయాలా?

గజపతి_వయొలిన్

ఎందుకు తీసేయడం? అది మీ చేతి సంపద. వాళ్ళకీ జారుడు స్వరాలు ఉన్నాయి కదా.

బాంజో_బాబాయ్

పెద్దవారు, మీతో ఇక్కడ విభేదిస్తున్నా. ప్రతి పాటకీ ఒక యాస ఉంటుంది. శ్రీకాకుళం పాటని గుంటూరు యాసలో పాడితే పాట అదే కానీ ఊరు మారిపోతుంది. మొదటి ఏడాది చదునుగా వాయించమనే చెప్తా. పదిమంది ఒకే స్వరం మీద ఉన్నప్పుడు ఒక్క చెయ్యి ఊగితే మొత్తం చెదురుతుంది. పైగా అసలు మార్చుకోవాల్సింది ఎడమ చెయ్యి కాదు, కుడి చెయ్యి. మన కమాను పొడుగ్గా, ఒక్క లాగుకి నాలుగైదు స్వరాలు. ఇక్కడ ఒక పొడుగు రెండు పొట్టి, పొడుగు రెండు పొట్టి, దంపుడు లాగ సాగాలి. ఖాళీ తీగల మీద అదొక్కటే వారం రోజులు చెయ్యి.

గజపతి_వయొలిన్

కమాను గురించి ఒప్పుకుంటా. గమకం గురించి ఒప్పుకోను. ఒక్కతే ఇంట్లో వాయించేటప్పుడైనా ఊగనీయండి.

లత_సియాటిల్

ఇద్దరూ కరెక్టే, హాల్లో బాబాయ్ మాట, ఇంట్లో గజపతిగారి మాట. రమ్యా, ఫోన్‌లో రికార్డ్ చేసుకో, ముందు అడిగి. ఇంటికొచ్చి స్పీడు తగ్గించి విను. వారానికి ఒక్క పాట చాలు. కొన్ని ఊళ్ళలో స్లో జామ్ అని విడిగా ఉంటుంది, నెమ్మదిగా వాయిస్తారు, అది ఉందేమో కనుక్కో.

బాంజో_బాబాయ్

మొదటి పాటగా ఓల్డ్ జో క్లార్క్ నేర్చుకో, ఏ (A) కీ లోనే ఉంటుంది, దాదాపు ప్రతి జాములో వస్తుంది. నిషాదం చిన్నది, అంటే నీకు హరికాంభోజి రాగం. శంకరాభరణం అనుకుని పెద్ద నిషాదం వేసేవు, పక్కవాళ్ళు ఉలిక్కిపడతారు. డీ కీకి మాత్రం కొందరు ఏ-డీ-ఏ-ఈ కడతారు, అది నీకు ప-స-ప-రి అవుతుంది, దాని జోలికి తర్వాత పోదువు.

సీమ_చెక్కభజన

ఏమైందో వచ్చి చెప్పల్ల మాకు.

రమ్య_డర్హమ్

పది రోజుల తర్వాత వచ్చా. నిన్న బుధవారం వెళ్ళా.

కాస్త ముందే వెళ్ళా, హాల్లో కుర్చీలు వేస్తున్నారు, నేనూ రెండు వేశా. ఆ చెయ్యి ఊపిన పెద్దాయనే వచ్చాడు. భయపడుతూనే ఈరోజు ఏ కీతో మొదలెడతారని అడిగా. ఏ (A) అన్నాడు. నేను కింది తీగలు పైకి లాగడం మొదలెట్టా, మూడో తీగ సగంలో ఆగిపోయింది, బిరడా జారిపోతోంది. ఆయన ఏమీ అనకుండా చెయ్యి చాపి ఫిడేలు తీసుకుని, బిరడా కాస్త బయటికి లాగి లోపలికి నొక్కుతూ తిప్పాడు, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు, నాలుగు తీగలూ వరసగా కమానుతో లాగి నా చేతిలో పెట్టాడు. ఆ నాలుగు తీగల మోత వినగానే మా మాస్టారి గది, చాప, అగరుబత్తి వాసన అన్నీ వచ్చేశాయి. కళ్ళు చెమర్చాయి, ఆయన గమనించాడో లేదో.

కుర్చీలో చెయ్యి కుదరక కింద కూర్చోవచ్చా అని అడిగా. పక్కకి జరిగారు. నేల మీద మఠం వేసుకుని, మన పద్ధతిలో ఫిడేలు తల చీలమండ దగ్గర ఆనించా. బాంజో ఆవిడ వంగి వంగి చూసింది. పాతకాలం ఫిడేలువాళ్ళు గడ్డం కింద పెట్టకుండా గుండెకి ఆనించే వాయించేవాళ్ళట, పెద్దాయన అప్పుడు చెప్పాడు.

మొదటి నాలుగు పాటలూ బాబాయ్ గారు చెప్పినట్టు ముక్కల చివర్లు మాత్రమే. పాటల మధ్య కమాను ఒళ్ళో పెట్టేశా, ఒక్క చప్పుడు చేయలేదు. అయిదోది ఓల్డ్ జో క్లార్క్. వారం రోజులు సాధన చేసిందే కదా, రెండో చుట్టుకే అందుకున్నా. ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టలేదు. ఒకచోట నా ఫిడేలు నాకు వినపడటం ఆగిపోయింది, తప్పు వాయిస్తున్నానేమో అనుకున్నా, కాదు, అందరిలో కలిసిపోయింది. కాలు లేచింది. అందరితో పాటే ఆగా.

కరీంనగర్_పోరడు

అక్కా రోమాలు నిక్కబొడిసినయ్.

బాంజో_బాబాయ్

చాలు తల్లీ. ఆయన పేరు అడిగావా?

రమ్య_డర్హమ్

అడిగా. నా పేరు కూడా ఆయన మూడుసార్లు పలికి చూసుకున్నాడు. వచ్చే వారం జీ కీ అట. ఆయన జీ-డీ-జీ-డీ కడతానన్నాడు, అది మళ్ళీ సపసపే కదా, అయిదో శ్రుతిలో?

గజపతి_వయొలిన్

అవునమ్మా. చిన్నప్పుడు మీరు ఏ శ్రుతిలో నేర్చుకున్నారు?

రమ్య_డర్హమ్

అయిదే.